సాక్షులు లేని యుద్ధము

వీడియో క్రీడలను గూర్చి ఈ స్తంభములలో వ్రాయవలసిన దినము వచ్చునని మేమెన్నడును తలచియుండలేదు. మా పఠనమందిరమునకు సాయంకాలమున విచ్చేయు పెద్దలలో కొందరు ఇది సంపాదకీయమునకు తగిన విషయమా యని కనుబొమలు ముడివేయుదురని యెరుగుదుము. అయినను "కాల్ ఆఫ్ డ్యూటీ" యను క్రీడాపరంపర సామాన్యమైనది కాదు. 2003 అక్టోబరు 29న దాని మొదటి భాగము వెలువడినది. 2005 మొదలు ఏటేట నొక భాగము తప్పక వచ్చుచున్నది. ఇంతవరకు 40 కోట్లకు మించిన ప్రతులు లోకమున అమ్ముడుపోయినవి. మన కళాశాల విద్యార్థులలో చరిత్రగ్రంథమును చేతబట్టనివారు పెక్కురు గలరు గాని దీని పేరు విననివారు అరుదు. యుద్ధమన నెట్టిదో, అందు న్యాయమెవరిదో, చచ్చువారెవరో యువకుల మనస్సులకు పట్టించుచున్న వస్తువు విమర్శకు లోబడరాదనుట యెట్లు? నవల పుట్టిన కాలమున నవలను, చలనచిత్రము వచ్చిన కాలమున చలనచిత్రమును మన పెద్దలు ఇట్లే గడప వెలుపల నిలిపిరి. తరువాత అవియే యిల్లంతయు ఆక్రమించినవి.

మేమిప్పుడు పరిశీలింపబూనినది 2024 అక్టోబరు 25న వెలువడిన "బ్లాక్ ఆప్స్ 6". ట్రేయార్క్, రేవెన్ అను సంస్థలు దీనిని నిర్మించినవి. ఆక్టివిజన్ వారు ప్రకటించిరి. ఆ ఆక్టివిజన్ సంస్థనే 2023 అక్టోబరు 13న మైక్రోసాఫ్ట్ వారు 6,870 కోట్ల డాలర్లకు కొనివేసిరి. ఒక్క క్రీడావ్యాపారమునకు ఇంత మూల్యమా యని ఆశ్చర్యపడువారు, యువజనుల సాయంకాలములు ఎవరి చేతిలో నున్నవో యోచించిన చాలును. దీని తరువాత ఏడవ భాగము కూడ 2025 నవంబరు 14న వచ్చినది. అది 2035లో జరుగు కల్పనము. ఆరవదాని కాధారమైనదో, నిజముగా జరిగిన యుద్ధము. మనవారు లక్షకు మించి చిక్కుకొన్న యుద్ధము. అందుచేత ఆలస్యమైనను దీనినే గైకొంటిమి.

ఈ జాతి క్రీడలను "ఫస్ట్ పర్సన్ షూటర్" అందురు. మన వ్యాకరణ పరిభాషలో ఉత్తమపురుష. తెరపై కనబడునది ఆటగాని కన్నులకు గోచరించు దృశ్యమే. క్రింది యంచున అతని చేతులు, ఆ చేతులలో తుపాకి. తన మొగము తనకు కానరాదు. "నేను" పరుగెత్తుదును, "నేను" కాల్చుదును. ప్రథమపురుషయైన "వారు" కర్మస్థానమున మాత్రమే యుందురు. దీనిని నిందగా చెప్పుట లేదు. నాటకమునకు రంగస్థలమెట్లో ఈ కళకు ఈ దృష్టి యట్లు. కాని యే కళయందైనను నిర్మాణము దాచునది యొకటి యుండును. దానిని వెదకి చూపుట విమర్శకుని పని.

చూచి వ్రాయుట కాక ఆడి వ్రాయుట ధర్మమని తలచి, పఠనమందిరమునకు వచ్చు ఒక డిగ్రీ విద్యార్థిని గురువుగా నెన్నుకొని నాలుగు ఆదివారములు శిష్యరికము చేసితిమి. కంట్రోలరు పట్టుట కోర్టులో కాగితపుకట్ట పట్టుట వంటిది కాదని తొలిగంటలోనే తెలిసినది. దేశదేశముల బాలురతో ఆన్‌లైను పోటీకి దిగిన దినమున నిమిషమున కొకసారి మరణించితిమి. నవ్వు నాపుకొనుటకు మా గురువు పడిన శ్రమను మేము గమనింపకపోలేదు.

మెచ్చవలసినది మెచ్చక తప్పదు. ఈ భాగమున ఆటగాడు ఏ దిక్కునకైనను పరుగిడగలడు, జారగలడు, వెనుకకో ప్రక్కకో ఎగిరి నేలబడుచు గురి చూడగలడు. తొల్లి ముందునకు మాత్రమే పరువిడిన శరీరమునకు ఇందు నలుదెసల స్వేచ్ఛ వచ్చినది. అలవడిన పిమ్మట అది కత్తిసాము చేయువాని అడుగులవలె హాయిగా నుండును. కథాభాగమందును వైవిధ్యము గలదు. బల్గేరియాలోని ఒక పాతమేడ కథానాయకులకు తావు. అందు పియానో మీటలు మీటి గోడల రహస్యములు విప్పుట యొక వినోదము. అధ్యక్షపదవికి పోటీచేయుచున్న క్లింటను విరాళములకై వాషింగ్టనులో జరిపిన విందునందు, తుపాకి దాచి యుక్తితో మెలగవలసిన ఘట్టము చక్కగా పండినది. ప్రేతములతో పోరెడి జాంబీ భాగమును గూర్చి మేము చెప్పదగినది లేదు. మా గురువునకు మాత్రము అదియే ప్రాణము. కృత్రిమమేధ సాయముతో కొన్ని చిత్రములను కూర్చితిమని 2025లో ప్రకటనకర్తలే ఒప్పుకొనిరి. ఇంత ధనము గలవారికి చిత్రకారుని కూలి భారమైనదా యని యడుగబుద్ధియగును గాని మన వ్యాజ్యము దానిపై కాదు.

కథ 1991లో జరుగును. అమెరికా గూఢచారులు ఇరాకు మంత్రి నొకనిని సరిహద్దు దాటించుటకు పోవుటతో ఆరంభమై, "పాంథియన్" అను నొక గుప్తదళము వైపు మరలును. ఆ దళము సి.ఐ.ఏ. గర్భముననే పుట్టినది, దానిచేత "క్రేడిల్" అను విషాయుధ మున్నది. లోపలి ద్రోహి యెవరో చెప్పి ఆడబోవువారి కుతూహలమును చెరచుట మర్యాద కాదు. "ది ట్రూత్ లైస్" అనునది ఈ క్రీడకు తగిలించిన ప్రకటనవాక్యము. సత్యమే కల్లలాడునని దాని ధ్వని. అమెరికా ప్రభుత్వమును ఆకాశమున కెత్తినదని మాత్రము దీనిపై నేరము మోపరాదు. పైపెచ్చు, ఆ ప్రభుత్వపు గూఢచారసంస్థనే పాపకూపముగా చూపినది. ఇందుచేత కొందరు దీనిని సాహసమైన రచన యని కొనియాడిరి. మాకు అక్కడనే సందేహము కలిగినది.

1991లో జరిగినదేమి? అంతకు ముందటి సంవత్సరము ఆగష్టు 2న సద్దాం హుసేను సేనలు కువైట్టును మ్రింగినవి. బలవంతుడు పొరుగువాని యింట జొరబడి యిది నాదే యనుట ఘోరాపరాధము. దానిని సమర్థించు పాపము మాకు వలదు. 1991 జనవరి 17న అమెరికా నాయకత్వమున బాంబుల వర్షము మొదలైనది. ఫిబ్రవరి 24న భూయుద్ధము మొదలై నూరు గంటలలో ముగిసినది. పోవుచు పోవుచు ఇరాకు సేనలు 600 కు మించిన చమురుబావులకు నిప్పుపెట్టినవి. ఇవి యన్నియు లోకమెరిగినవే.

ఈ క్రీడలో నొక విశాలమైన ఘట్టమున ఆటగాడు ఎడారిలో వాహనముపై తిరుగుచు, బ్రిటిషు సైనికులతో చేయి కలిపి, ఇరాకు స్కడ్ క్షిపణులను వెదకి ధ్వంసము చేయవలెను. ఆ పనియందు నిజముగా ఆనందమున్నది. ఒక్కొక్క క్షిపణి మండి కూలినప్పుడు మా చేతులును చప్పట్లకు లేచినవి. యథార్థమో? స్కడ్ల వేట ఆ యుద్ధమున మిక్కిలి శ్రమపడి మిక్కిలి తక్కువ ఫలము పొందిన కార్యము. యుద్ధానంతరము అమెరికా వైమానిక దళము వారే చేయించిన సమగ్ర పరిశీలనము, తమ విమానములు కదలు స్కడ్ వాహనములలో నొక్కదానినైనను నాశనము చేసినట్లు నిర్వివాదమైన నిదర్శనము లేదని తేల్చినది. ఫిబ్రవరి 25న ఒక స్కడ్ సౌదీ అరేబియాలోని ధహ్రాను వద్ద సైనికుల వసతిపై బడి 28 మంది అమెరికనులు మరణించిరి. నాడు వేటగానికి దొరకని మృగము నేడు తెరపై ప్రతి బాలునకు దొరకుచున్నది. కవి కల్పన చేయవచ్చును, కాదనము. కాని ఓటమిని విజయముగా మార్చు కల్పన ఎవరి పక్షమున మారుచున్నదో చూడవలదా?

ఇక తెరకెక్కని వానిని చూతము. 1991 ఫిబ్రవరి 13న బాగ్దాదులోని అమిరియా యను పేటలో ప్రజలు తలదాచుకొన్న ఆశ్రయమును రెండు బాంబులు భేదించినవి. 400 మందికి పైగా పౌరులు, అందు పెక్కురు స్త్రీలు బిడ్డలు, దగ్ధమైరి. అది సైనికాధికార కేంద్రమని అమెరికావారు వాదించిరి. ఫిబ్రవరి 26, 27 తేదీల నడిమి రాత్రి, కువైట్టు నుండి బస్రాకు పోవు 80వ నంబరు రహదారిపై తిరోగమించుచున్న వాహనముల వరుసను ముందు వెనుకల నడ్డగించి విమానములు దహించినవి. లోకము దానికి మృత్యుమార్గమని పేరు పెట్టినది. ఆ బొమ్మలు చూచినవారు మరువలేరు.

ఈ పరంపరయే ఆ మృత్యుమార్గమును ఒకసారి ముట్టుకొన్నది. సరిగా అయిదేండ్లకు ముందు, 2019 అక్టోబరు 25న వెలువడిన "మాడరన్ వార్‌ఫేర్" అను భాగమున, ఉర్జిక్‌స్తాన్ అను లేని దేశమొకటి సృజించి, అందు మృత్యుమార్గమను రహదారి నొకదానిని పెట్టి, పారిపోవు జనముపై బాంబులు వేసినవారు రష్యనులని పాత్రచేత చెప్పించిరి. పేరు నిజము, ఘోరము నిజము, చేసినవారు మాత్రము మారిరి. న్యాయస్థానమున నిట్టి పని యెవడైన చేసిన, మృతదేహమును ఒక పొలము నుండి మరియొకని పొలమునకు మోసికొనిపోయెనని అభియోగము వచ్చియుండెడిది. రష్యనులు తమ యుద్ధములలో చేసినవి వేరుగా గలవు. వానిని చెప్పుటకు కొరత లేదు. లేని బరువు వారి నెత్తిన మోపవలసిన అగత్యమేమి?

2024 నాటి క్రీడ అంత మొరటు పని చేయలేదు. అది మరింత సున్నితమైన త్రోవ త్రొక్కినది. చెడుగంతయు ఒక రహస్యదళము చేసినదని చెప్పినది. ఇచ్చటనే మా ముఖ్యమైన ఆక్షేపణ. అమిరియాపై బాంబు వేసినది గుప్తదళము కాదు. ప్రభుత్వపు ఉత్తరువుపై, జీతము పుచ్చుకొను సైనికులు, పటముపై గుర్తుపెట్టుకొని వేసిరి. పత్రికలవారి ముందు నిలిచి సమర్థించుకొనిరి. రహదారిపై జరిగిన దహనమును అట్లే. ఆ యుద్ధమున విచారింపదగిన పెక్కు కార్యములు బహిరంగముగా, సంతకములతో, బాధ్యుల పేర్లతో జరిగినవి. వానిని ప్రక్కకు నెట్టి, ఎవరికిని జవాబుదారి కాని పాంథియన్‌ను ముందునకు తెచ్చిన, ప్రభుత్వమును నిందించినట్లుండును గాని నిందింపబడిన ప్రభుత్వ మొక్కటియు నుండదు. న్యాయవాదులెరిగిన పాత యెత్తు ఇది: కనబడు ముద్దాయిని విడిపింపవలెనన్న కనబడని ముద్దాయిని కల్పింపుము. ద్రోహి చిక్కినాడు, విషాయుధము ఆగినది. ఇక మిగిలిన యుద్ధము తనంతట తానే నిర్దోషి యగును. సత్యమే కల్లలాడునని నేర్చిన బాలునకు, బహిరంగముగా నిలిచిన సత్యమును నమ్ముటకు గాని ప్రశ్నించుటకు గాని ఓపిక యెక్కడిది?

అన్యాయమునకు గురియైనవారు తిరిగి మాటాడలేదా యందురేమో. మాటాడిరి. 2010లో ఈ బ్లాక్ ఆప్స్ శాఖయొక్క మొదటి భాగము కాస్ట్రో హత్యాయత్నముతో మొదలైనప్పుడు క్యూబా పత్రికలు తీవ్రముగా గర్హించినవి. అమ్మకములు తగ్గలేదు. రెండవ భాగమున తన్ను దుష్టునిగా చూపిరని పనామా మాజీ నియంత నొరియేగా చెరసాలలో నుండియే 2014లో లాస్ ఏంజలిస్ కోర్టున దావా వేసెను. భావప్రకటన స్వాతంత్ర్యము పేర ఆ దావా కొన్ని నెలలలోనే కొట్టివేయబడినది. తీర్పును మేము తప్పుపట్టము. నియంతల పరువు కాపాడుటకు కోర్టులు పుట్టలేదు. కాని నియంతకైనను ఒక వకీలు, ఒక ఫిర్యాదు, ఒక విచారణ దొరకినవి. అమిరియాలో బిడ్డలను గోల్పోయిన తల్లి, తన కథ లేకుండ తన దేశమును ఆటస్థలముగా అమ్ముచున్నారని ఏ కోర్టులో ఏ సెక్షను క్రింద దావా వేయవలెను?

మరియొక వింత. ఏ దేశము పేర ఆ యుద్ధము జరిగెనో ఆ కువైట్టులోనే ఈ క్రీడ విడుదలకు అనుమతి లభింపలేదు. ముందుగా పేరు నమోదుచేసికొన్నవారి కొనుగోళ్లను రద్దుపరచి సొమ్ము మరలింతుమని ఆక్టివిజన్ వారు ప్రకటించిరి. నిషేధము మాకు రుచింపదు. 1910 నాటి ప్రెస్సు చట్టము, 1931 నాటి అత్యవసరాధికారముల చట్టము ధరావతుల పేర మన పత్రికల గొంతు నెట్లు నొక్కినవో యెరిగిన జాతీయపత్రిక ఏదియు నిషేధమును హర్షింపజాలదు. తలుపు మూసిన ప్రభుత్వము తన ప్రజలను క్రీడ నుండి దూరము చేసినదే గాని, క్రీడకు జవాబు చెప్పలేదు. జవాబు చెప్పగలవారు వేరే యున్నారు.

స్కడ్లను కూల్చుచున్న ఆదివారమున మా గురువును, "ఇది యే సంవత్సరమో తెలియునా నాయనా?" యని యడిగితిమి. "తొంభై ఒకటి సార్, మొదట్లోనే వేస్తాడు గదా," అనెను. అతడు రాజంపేట ప్రాంతమువాడు. కొంతసేపు ఊరకుండి, "మా అబ్బ దానికి ముందు యేడే గదా సార్ కువైట్ నుంచి వచ్చేసింది," అనెను. ఎట్లు వచ్చెనని యడిగితిమి. "బస్సులో వచ్చినారంట. ఎడారిలో టెంట్లలో పండుకున్నారంట. అంతే తెలుసు సార్. మేమెప్పుడూ అడగలా." తెరపై నతని తుపాకి నిలిచియున్నది, దాని ముందు ఇసుక.

1990లో కువైట్టున సుమారు 1,70,000 మంది భారతీయులుండిరి. ఆక్రమణ జరిగిన పిమ్మట వారు బస్రా, బాగ్దాదుల మీదుగా ఎడారి దాటి జోర్డానులోని అమ్మాను చేరిరి. దాచుకొన్న సొమ్ము పోయినది, జీతములు పోయినవి. ఎండలో గుడారములలో దినములు గడపిరి. ఆగష్టు మొదలు అక్టోబరు వరకు ఎయిర్ ఇండియా విమానములు 488 మార్లు తిరిగి లక్షకు మించిన వారిని అమ్మాను నుండి బొంబాయికి చేర్చినవి. పౌరవిమానములు ఇంతమందిని ఒక్క ఆపద నుండి తరలించుట అంతకు మున్ను లోకమెరుగదు. కడప సీమ నుండి, గోదావరి సీమ నుండి పొట్టచేతబట్టుకొని పోయినవారందులో నుండిరి. వంటవారు, డ్రైవరులు, తాపీ పనివారు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు. మేమాడిన మేరకు ఆ క్రీడలోని ఎడారిలో సైనికుడు గలడు, గూఢచారి గలడు. పెట్టె నెత్తిన బెట్టుకొని నడచిపోవు కూలివాడు మాత్రము ఒక్కడును మాకు తారసపడలేదు. సాక్షులను తొలగించిన పిమ్మట ఎవరు చెప్పినది వారికి సాక్ష్యమే.

ఇందుకు ప్రతిక్రియగా మన జెండాతో మనమును తుపాకి క్రీడలు చేసికొందమనువారు గలరు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది ప్రాణములర్పించిరి. ఏడు నెలలు గడచి గడవకముందే, 2021 జనవరి 26న, ఆ లోయనే మొదటి ఘట్టముగా "ఫౌజి" యను క్రీడ మన దేశముననే వెలువడినది. మృతుల తల్లుల కన్నీరారక మునుపే ఆ కొండను ఆటకు పెట్టుట దేశభక్తి యని మేమొప్పుకొనజాలము. ఇతరుల లోపమును ఇతరుల పద్ధతిలోనే పూడ్చవలెననుట అనుకరణము. రెండవ ప్రపంచ యుద్ధమున 25 లక్షల భారతీయులు సైన్యమున నుండిరి. ఆ యుద్ధమును పదేపదే చూపిన ఈ పరంపర తన కథాభాగములలో ఒక్క భారతీయునకును నాయకస్థానము నీయలేదు. ఈయవలెనని కోరుట న్యాయమే. కాని ఆ నాయకస్థానమునకు పైబడి మేము కోరునది మరియొకటి: ఆ ఎడారిలో బ్రతికిన మనిషి మాట.

తుపాకి లేకయే యుద్ధమును చూపిన క్రీడలు లేకపోలేదు. పోలెండు దేశపు శిల్పులు 2014లో వెలువరించిన "దిస్ వార్ ఆఫ్ మైన్" అను దానిలో ముట్టడిబడిన నగరమున ఆకలితో చలితో దినములు లెక్కించు పౌరులే పాత్రలు. సరయేవో ముట్టడి దానికి ప్రేరణము. 2020లో పోలెండు ప్రభుత్వము దానిని పాఠశాలలలో చదువదగిన వానిలో చేర్చుటకు నిశ్చయించినది. కావున ఈ కళకు శక్తి లేదనుట తప్పు. శక్తిని ఎటు త్రిప్పిరన్నదే ప్రశ్న.

మా గురువు క్రీడ నింకను ఆడుచున్నాడు. మానుమని మేము చెప్పలేదు, చెప్పినను మానడు. అతడొక పని చేసినాడు. ఇంటికిపోయి తాతగారిని కూర్చుండబెట్టి అడిగినాడు. బాగ్దాదు దాటిన పిమ్మట బస్సుకు తగిలిన ఇసుకగాలిని గూర్చి, అమ్మాను విమానాశ్రయమున రొట్టెముక్క పంచుకొన్న మలయాళీ నర్సులను గూర్చి వృద్ధుడు రెండు గంటలు చెప్పెనట. 1990లో ఆ మార్గమున వచ్చినవారు మన జిల్లాలలో ఇంకను పెక్కురు సజీవులై యున్నారు. వారు గాని, వారి మాట విని వ్రాయగల మనుమలు గాని పంపు లేఖలకు ఈ పత్రికలో వారమునకు రెండు పుటలు కేటాయించితిమి. పై వృద్ధుడు వచ్చు ఆదివారము సాయంకాలము 5 గంటలకు పఠనమందిరమునకు వచ్చుటకు అంగీకరించెను.